ఆడపడుచుకి బీఆర్‌సీఏ1 పాజిటివ్, మా ఆయన టెస్టు వద్దంటున్నాడు (మేం ఉండేది టర్కీలో)

ఇజ్మీర్_కోడలు
మాది తెనాలి. పెళ్లయ్యాక ఇజ్మీర్‌లో స్థిరపడ్డాను, మా ఆయన ఇక్కడివాడే. మా పెద్ద ఆడపడుచుకి 37 ఏళ్లు. పాలగడ్డ అనుకుని కొన్నాళ్లు వదిలేసింది, తీరా చూస్తే రొమ్ము క్యాన్సర్, ట్రిపుల్ నెగటివ్ రకం, అంటే హార్మోన్ మందులకి లొంగనిది. యూనివర్సిటీ ఆసుపత్రిలో కీమో నడుస్తోంది. ఈ వయసులో, ఈ రకం వచ్చిందని జెనెటిక్ టెస్టు రాశారు. మొన్న రిపోర్టు వచ్చింది: బీఆర్‌సీఏ1 అనే జన్యువులో 5382ఇన్స్‌సి అనే మార్పు (మ్యుటేషన్) ఉంది, పథోజెనిక్, అంటే జబ్బు తెచ్చే రకం.

తోబుట్టువులందరూ వచ్చి రక్తం ఇవ్వమన్నారు డాక్టరు. చిన్న ఆడపడుచుకి 29, ఇంకా పెళ్లి కాలేదు. అత్తగారు "బయట తెలిస్తే దీన్నెవరు చేసుకుంటారు" అని ఆ మాట ఎత్తనివ్వడం లేదు. మా ఆయనేమో అది ఆడవాళ్ల జబ్బు, నాకెందుకు అంటాడు. పోనీ అని ఒక ప్రైవేటు ల్యాబ్‌లో అడిగితే అక్కడి అమ్మాయి కూడా తండ్రి వైపు నుంచి రాదులెండి అంది.

మాకు 9 ఏళ్ల పాప ఉంది. నాకు నిద్ర పట్టడం లేదు. ఇది తండ్రి నుంచి పాపకి వస్తుందా రాదా? ఆయన చేత టెస్టు చేయించాలని పట్టుబట్టడం సబబేనా? అసలు టర్కీ వాళ్లలో ఇది ఎక్కువా?

పాలకొల్లు_పాప
ల్యాబ్‌లో చెప్పింది శుద్ధ తప్పు. తండ్రి వైపు నుంచి కూడా వస్తుంది. వివరాలు జయగారు చెప్తారు, పిలవండి ఎవరైనా.

కొత్తిమీర_కట్ట
చదువుతుంటేనే కడుపులో దేవినట్టయింది. మీ ఆయనకి జబ్బు రాకపోవచ్చు, కానీ ఆయన నుంచి పాపకి వెళ్లొచ్చు కదా. నేనైతే రేపే చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా.

రిటైర్డ్_మాస్టారు
అమ్మా, తొందరపడకు. ఇంట్లో ఒక మనిషి కీమోలో ఉంది. ఇప్పుడు అందరినీ వరసగా నిలబెట్టి రక్తం తీయిస్తే ఆ ఇల్లు తట్టుకోగలదా? టెస్టు చేయించుకోను అనే హక్కు కూడా మనిషికి ఉంటుంది.

జన్యు_జయ
వచ్చాను. హైదరాబాద్‌లో జెనెటిక్ కౌన్సిలింగ్ చేస్తుంటాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

బీఆర్‌సీఏ1 ఉండేది 17వ క్రోమోజోము మీద, బీఆర్‌సీఏ2 ఉండేది 13వ దాని మీద. రెంటికీ ఆడ, మగ తేడా లేదు. ప్రతి మనిషికీ ఒక్కో జన్యువు రెండేసి కాపీలు, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. కణంలో డీఎన్‌ఏ తెగినప్పుడు దాన్ని సరిగ్గా అతికించడం ఈ జన్యువుల పని. ఒక కాపీ పాడై పుట్టినవాళ్లు, వెనక బ్రేకు తెగిపోయి ముందు బ్రేకు ఒక్కదానితో తిరుగుతున్న సైకిల్ లాంటి స్థితిలో ఉంటారు. బండి నడుస్తుంది. ఏదో ఒక కణంలో ఆ రెండో కాపీ కూడా పోయిందా, అక్కడ ప్రమాదం మొదలవుతుంది. అంటే పిల్లలకి వచ్చేది క్యాన్సర్ కాదు, క్యాన్సర్ వచ్చే అవకాశం.

ఎంత అవకాశం? దాదాపు పదివేలమంది క్యారియర్ (ఇలా ఒక కాపీ పాడై పుట్టిన) స్త్రీలని ఏళ్ల తరబడి గమనించిన అంతర్జాతీయ అధ్యయనం ఒకటి 2017లో వచ్చింది. 80 ఏళ్లు వచ్చేసరికి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం బీఆర్‌సీఏ1 వాళ్లకి 72 శాతం, బీఆర్‌సీఏ2 వాళ్లకి 69 శాతం. అండాశయ క్యాన్సర్ అయితే 44, 17. అందులో ఎక్కువమంది యూరప్ మూలాల వాళ్లు. ఒక్కో కుటుంబంలో ఈ అంకె కాస్త అటూ ఇటూ ఉంటుంది.

ఇప్పుడు మీ లెక్క. మీ ఆడపడుచుకి ఇది తల్లి నుంచో తండ్రి నుంచో వచ్చింది. కాబట్టి మీ వారికి ఉండే అవకాశం సగం. ఆయనకి ఉంటే పాపకి ఉండే అవకాశం మళ్లీ సగం. అంటే ఈ రోజు పాప లెక్క నాలుగింట ఒకటి. మీ వారికి లేదని తేలితే పాపకి ఈ మ్యుటేషన్ ప్రసక్తే లేదు, కథ అక్కడితో సరి. మీ వారి టెస్టుకి ఉన్న విలువ అది. ఇక ఆయన సొంత ప్రమాదం: బీఆర్‌సీఏ1 ఉన్న మగవాళ్లకి రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం జీవితకాలంలో 1 శాతం దరిదాపుల్లో ఉంటుంది. బీఆర్‌సీఏ2 అయితే మగవాళ్లకి కూడా ఎక్కువే, ప్రోస్టేట్ మీద గట్టిగా కన్నేసి ఉంచాలి.

పాపకి మాత్రం ఇప్పుడు టెస్టు చేయించకండి. 18 దాటాక తనే తేల్చుకుంటుంది. చిన్న వయసులో తెలిసినా చేసే వైద్యం ఏదీ లేదు, నెత్తిన భారం తప్ప.

ఇజ్మీర్_కోడలు
"లేదని తేలితే కథ అక్కడితో సరి." ఈ మాట ఆయనకి ఇప్పుడే చదివి వినిపించాను. ఏమీ అనలేదు, కానీ టీవీ సౌండు తగ్గించాడు.

కొత్తిమీర_కట్ట
సౌండు తగ్గించాడంటే సగం పని అయినట్టే అమ్మడూ 🙂

సత్తెనపల్లి_సూరి
నా మాట కొంచెం చేదుగా ఉంటుంది. ఈ బీఆర్‌సీఏ గోలంతా 2013లో హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ ఆపరేషన్ చేయించుకున్నప్పటి నుంచి మొదలైంది. అప్పటి నుంచి ల్యాబులకి పండగ. రొమ్ము క్యాన్సర్ పెరగడానికి అసలు కారణాలు ప్లాస్టిక్కు, రాత్రి డ్యూటీలు, పిల్లలకి పాలివ్వకపోవడం. జన్యువుల పేరు చెప్పి జనాన్ని భయపెట్టకండి.

జన్యు_జయ
సూరిగారూ, మీరన్నదాంట్లో సగం నిజం. రొమ్ము క్యాన్సర్లలో పుట్టుకతో వచ్చిన మ్యుటేషన్ వల్ల వచ్చేవి 5 నుంచి 10 శాతమే. ఊళ్లో ప్రతి ఒక్కరూ టెస్టు చేయించుకోవాలని నేనూ అనను. కానీ ఇక్కడ ఉన్నది 37 ఏళ్ల మనిషి, ట్రిపుల్ నెగటివ్, చేతిలో పాజిటివ్ రిపోర్టు. ఈ ఇంటికి ప్లాస్టిక్ సంగతి చెప్పి పంపిస్తే అన్యాయం.

ఇక చరిత్ర. అమెరికా జన్యు శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 17వ క్రోమోజోము మీద బీఆర్‌సీఏ1 ఉండే చోటు చూపించింది 1990లో. జన్యువు చేతికి దొరికింది 1994లో. ఆ నటి అప్పటికి ఈ విషయంలోకే రాలేదు.

ల్యాబ్_లింగం
వ్యాపారం సంగతి కూడా చెప్పాలి. అమెరికాలో ఒక కంపెనీ ఈ జన్యువుల మీద పేటెంట్ పెట్టుకుని చాలా ఏళ్లు వేలకి వేల డాలర్లు వసూలు చేసింది. 2013 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు ప్రకృతిలో ఉన్న జన్యువుకి పేటెంట్ చెల్లదు అని తేల్చేసింది. ధరలు దిగాయి. పైగా ఇంట్లో ఒకరి మ్యుటేషన్ ఏమిటో తెలిసిపోయాక మిగతావాళ్లకి జన్యువు మొత్తం చదవక్కర్లేదు, ఆ ఒక్క చోటు చూస్తే చాలు. అది చవక. కోడలుగారూ, మీ వారికి పెద్ద ప్యానెల్ (ఎన్నో జన్యువులు ఒకేసారి చూసే టెస్టు) అంటగట్టాలని ఎవరైనా చూస్తే "మా అక్క మ్యుటేషన్ ఇది, ఇదొక్కటే చూడండి" అనండి.

బెర్లిన్_భాను
టర్కీ వాళ్లలో ఎక్కువా అని అడిగారు కదా, అది నాకు కొంచెం తెలిసిన సంగతి. బెర్లిన్‌లో రొమ్ము క్యాన్సర్ సెంటర్‌లో నర్సుని. మా దగ్గరికి వచ్చేవాళ్లలో టర్కీ మూలాల వాళ్లు చాలామంది.

అక్కడి వాళ్లకి జన్యువుల వల్ల వచ్చేది మిగతా దేశాల కన్నా ఎక్కువ అని చెప్పడానికి లేదు. టర్కీలో ఏటా దాదాపు పాతిక వేలమంది ఆడవాళ్లకి కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడుతోంది, మొత్తం రేటు పశ్చిమ యూరప్ కన్నా తక్కువే. కానీ 50 లోపు వాళ్ల వాటా మాత్రం అక్కడ ఎక్కువ. అందులో పెద్ద భాగం దేశ జనాభానే వయసులో చిన్నది కావడం వల్ల. దాన్ని చూసి అంతా జన్యువులే అనుకోకూడదు.

తేడా అంతా మ్యుటేషన్ల తీరులో ఉంది. అష్కెనాజీ (మధ్య, తూర్పు యూరప్ మూలాల) యూదుల్లో మూడంటే మూడు మ్యుటేషన్లు, 40 మందిలో ఒకరికి వాటిలో ఏదో ఒకటి ఉంటుంది. ఆ మూడూ చూస్తే దాదాపు పని అయిపోతుంది. ఐస్‌లాండ్‌లో బీఆర్‌సీఏ2లో ఒక్కటే, ఆ దేశమంతా దానిదే రాజ్యం. టర్కీలో అలా కుదరదు. 5382ఇన్స్‌సి కాస్త తరచుగా కనిపిస్తుంది, మీ ఇంట్లో ఉన్నదే. మిగతావి చెల్లాచెదురు. ముఖ్యంగా బీఆర్‌సీఏ2లో ఒక్కో కుటుంబానికి ఒక్కోటి. అందుకే అక్కడ ఇంట్లో మొదటి మనిషికి జన్యువు మొత్తం చదవాలి, రెండు మూడు చోట్లు చూసి నెగటివ్ అని పంపించేస్తే ఒప్పుకోకూడదు.

దత్తమండలం
చెల్లాచెదురుగా ఉండటానికి కారణం ఆ నేల చరిత్రే. నాకు ఒట్టోమన్ చరిత్ర పిచ్చి, అందుకే చెప్తాండా. 1492లో స్పెయిన్ తరిమేసిన యూదులు ఇస్తాంబుల్‌కీ, తర్వాత్తర్వాత ఇజ్మీర్‌కీ వచ్చినారు. 1864 చుట్టుపక్కల రష్యా దెబ్బకి చెర్కెస్సులు కాకసస్ దిగి వచ్చినారు. బాల్కన్ యుద్ధాలప్పుడు ఇంకొందరు. 1923లో గ్రీసు, టర్కీ జనమార్పిడి ఒప్పందం మీద లక్షలమంది అటూ ఇటూ మారినారు. ఇంతమంది కలిసిన చోట ఒక్క మ్యుటేషనే ఎట్ల ఉంటుంది? కోడలుగారూ, మీ అత్తగారోళ్లది ఇజ్మీరేనా, ఎక్కడినుంచైనా వచ్చినారా?

ఇజ్మీర్_కోడలు
దత్తమండలం గారూ, మామగారి తాతముత్తాతలు సెలానిక్ నుంచి, అంటే ఇప్పటి థెస్సలొనీకి నుంచి, ఆ మార్పిడిలోనే ఓడ మీద వచ్చారట. అత్తగారిది మనీసా దగ్గర పల్లె.

దత్తమండలం
చూసినారా! 5382ఇన్స్‌సి గ్రీసులో కూడా బాగా కనిపించేదే. అది ఎక్కడ పుట్టిందని జన్యు శాస్త్రవేత్తలు వెనక్కి లెక్కేస్తే సుమారు 1800 ఏళ్ల కిందట స్కాండినేవియా లేదా ఉత్తర రష్యా వైపు తేలింది. అక్కడినుంచి పోలెండు, బాల్కన్లు, ఇట్ల దిగుకుంటా వచ్చింది. అష్కెనాజీలలోకి చేరింది ఒక 400, 500 ఏళ్ల కిందటే.

జన్యు_జయ
చరిత్ర బాగుంది, కానీ సెలానిక్ కాబట్టి మామగారి వైపే అని తేల్చెయ్యకండి. మనీసా వైపు నుంచి రాకూడదని ఏమీ లేదు. వంశవృక్షం వెయ్యాలి. కోడలుగారూ, కాగితం మీద మూడు తరాలు గియ్యండి. మగవాళ్లు చతురస్రం, ఆడవాళ్లు గుండ్రం. ఎవరు ఏ వయసులో, దేనితో పోయారో రాయండి. మన దగ్గర "పెద్ద జబ్బు" అని ఊరుకున్నట్టే అక్కడా పేరు చెప్పకుండా దాటేస్తారు. కడుపులో నీరు, కడుపు ఉబ్బు, పేగుల్లో గడ్డ, ఇలాంటి మాటలు వస్తే వదలకుండా గుచ్చి గుచ్చి అడగండి. అండాశయ క్యాన్సర్ పాతకాలంలో అలాగే వినిపించేది.

ఓరుగల్లు_పోరడు
మా ఇంట్ల ముచ్చట చెప్త. మా చిన్నమ్మకు రొమ్ము క్యాన్సర్ అయ్యింది, ఆపరేషన్ అయ్యి మంచిగనే ఉన్నది. ఒక కార్పొరేట్ దవాఖానోళ్లు పెద్ద ప్యానెల్ టెస్ట్ చేయించిన్రు. రిపోర్ట్‌ల బీఆర్‌సీఏ2ల ఏదో తేడా ఉన్నదని వచ్చింది, కింద వీయూఎస్ అని రాసి ఉన్నది. గది ఎవ్వరు సమజ్ చెయ్యలె. మా చెల్లెకు 31 ఏండ్లు, ఏ గడ్డ లేదు, గీ కాగితం చూసి రెండు రొమ్ములు తీపిచ్చుకుంటనని కూసున్నది. ఇంటిల్లిపాది ఏడ్పులు. ఆఖరికి ఇంకో డాక్టర్ దగ్గరికి పోతే "ఇది మంచిదో చెడ్డదో ఇంకా ఎవ్వరికి తెల్వదు, దీని మీద కత్తి పెట్టొద్దు" అన్నడు. తర్వాత అదే ల్యాబ్ నుంచి అది హానిలేనిదని సవరించిన రిపోర్ట్ వచ్చింది. చెల్లె ఆగింది గాబట్టి సరిపాయె.

కొత్తిమీర_కట్ట
అమ్మో. ఆ డాక్టరు ఎవరో గానీ చల్లగా ఉండాలి.

ల్యాబ్_లింగం
పోరడు చెప్పింది అందరూ గుర్తు పెట్టుకోవాలి. వీయూఎస్ అంటే జన్యువులో మార్పు కనిపించింది కానీ దానివల్ల హాని ఉందో లేదో తేలలేదు అని. దాని మీద ఆపరేషన్ చెయ్యకూడదు, బంధువులకి దాన్ని వెతుకుతూ టెస్టులూ చెయ్యకూడదు. ఇది మన భారతీయుల్లో, టర్కీ వాళ్లలో ఎక్కువగా రావడానికి కారణం సింపుల్. పోల్చి చూసే డేటాబేసుల్లో ఉన్నది ఎక్కువగా ఉత్తర యూరప్ మూలాల వాళ్ల జన్యువులు. మన దగ్గర మామూలుగా ఉండే తేడా కూడా వాళ్లకి కొత్తగా కనిపిస్తుంది.

టర్కీ వాళ్లు దీని మీద మంచి పనే చేశారు. 3,362 మంది టర్కీవాసుల జన్యుడేటా కూడగట్టి 2021లో ప్రచురించారు. దత్తమండలం గారు చెప్పిన కలగాపులగం అందులో స్పష్టంగా కనిపిస్తుంది, బాల్కన్, కాకసస్, మధ్యప్రాచ్యం, యూరప్ అన్నీ. దగ్గరి బంధువుల పెళ్లిళ్ల జాడ కూడా. ఇలాంటి పని ఎంత జరిగితే వీయూఎస్ అంత తగ్గుతుంది.

కోడలుగారి ఇంట్లో ఉన్నది వీయూఎస్ కాదు. 5382ఇన్స్‌సి మీద ప్రపంచంలో ఎవరికీ సందేహం లేదు.

పాలకొల్లు_పాప
దగ్గరి పెళ్లిళ్లు అన్నారు కాబట్టి అడుగుతున్నా. మాది మేనరికం. మా అమ్మా నాన్నదీ మేనరికమే. మరి మాకు ఈ ప్రమాదం ఎక్కువా?

జన్యు_జయ
మేనరికం బీఆర్‌సీఏని పుట్టించదు. ఒక్క కాపీ పాడైనా ప్రమాదమే కాబట్టి, తల్లిదండ్రుల్లో ఒకరికి అది ఉంటే, బావని చేసుకున్నా బయటివాడిని చేసుకున్నా పిల్లలకి చేరే అవకాశం సగమే. మేనరికంలో భార్యాభర్తలిద్దరికీ ఒకే తాత నుంచి అదే పాడైన కాపీ వచ్చి ఉంటే మాత్రం వేరే సమస్య. బీఆర్‌సీఏ2 రెండు కాపీలూ పాడై పుట్టిన బిడ్డకి ఫాంకోనీ ఎనీమియా అనే తీవ్రమైన జబ్బు వస్తుంది. అరుదు, కానీ ఉంది.

ఇంకోటి ఏటీఎమ్ అనే జన్యువు. దాని రెండు కాపీలూ పాడైతే పిల్లలు నడక తూలిపోయే అటాక్సియా టెలాంజియెక్టేసియా జబ్బుతో పుడతారు. బంధువుల పెళ్లిళ్లు ఎక్కువున్న టర్కీలో ఆ జబ్బు పిల్లల డాక్టర్లకి బాగా తెలుసు. చాలామంది పట్టించుకోనిది, ఆ బిడ్డ తల్లికి ఒక కాపీ పాడై ఉంటుంది, అందువల్ల ఆమెకి రొమ్ము క్యాన్సర్ అవకాశం మామూలు కన్నా రెండింతల దాకా ఉంటుంది. బిడ్డ వైద్యంలో పడి తల్లి తన చెకప్ మర్చిపోతుంది. టర్కీలోనైనా తెలుగునాట అయినా ఇలాంటి తల్లి ఎదురైతే నేను ముందు అదే అడుగుతాను.

మీ ఇంట్లో జబ్బుల చరిత్ర ఏమీ లేకపోతే మీరు కంగారు పడక్కర్లేదు పాపా.

ఇజ్మీర్_కోడలు
జయగారూ, వంశవృక్షం వేశాను. నిన్న అత్తగారు వంటింట్లో ఎంగినార్ అనే కూరగాయ ఒలుస్తున్నారు, పైరేకులు తీసి నిమ్మకాయ నీళ్లలో వేస్తూ. పక్కన కూర్చుని నేనూ ఒలవడం మొదలుపెట్టి మెల్లగా అడిగాను. కరెంటు బిల్లు వెనకవైపు గీస్తూ పోయాను. అత్తగారి వైపు ఆడవాళ్లు ఎనభై, తొంభై దాకా బతికారు. మామగారి అమ్మ 51కి పోయింది, "కడుపు నిండా నీళ్లు, డాక్టర్లు తీస్తే మళ్లీ నిండేవి" అన్నారు. మామగారి చెల్లెలు 44కి రొమ్ములో గడ్డతో పోయింది. మామగారికి ఏమీ లేదు, గట్టిగా ఉన్నారు.

ఆ రెండు గుండ్రాలూ మామగారి పక్కన గీశాక అత్తగారు చెయ్యి ఆపి కాగితం కేసి చూస్తూ ఉండిపోయారు. "అయితే నా వల్ల కాదా" అన్నారు. ఇన్నాళ్లూ తన పాలలోనే ఏదో దోషం ఉంది, తన వల్లే కూతురికి వచ్చింది అనుకుంటూ లోపల కుమిలిపోతున్నారు. సంబంధాల గోల పైకి చెప్పే మాట మాత్రమే. నాకు ఏం మాట్లాడాలో తెలీలేదు.

కొత్తిమీర_కట్ట
ఏడిపించేశావు తల్లీ. పాపం ఆవిడ.

బెర్లిన్_భాను
ఇలాంటి తల్లుల్ని మా వార్డులో చూస్తూనే ఉంటాను. ఇంతకీ మామగారి వైపు గట్టిగా కనిపిస్తోంది. నాయనమ్మ నుంచి కొడుక్కి, కొడుకు నుంచి మనవరాలికి. మధ్యలో మగమనిషి ఉండటంతో ఒక తరం ఏమీ లేనట్టు కనిపించింది, అంతే. తండ్రి వైపు లెక్కలోకి రాదు అన్న ల్యాబ్ మాటకి ఇదే జవాబు.

జన్యు_జయ
ముందు మామగారికి టెస్టు చేయించండి. ఆయనకి పాజిటివ్ వస్తే ఏ వైపో తేలుతుంది, ఆ వైపు అన్నదమ్ముల పిల్లలకీ దారి దొరుకుతుంది. ఆయనకైతే సంబంధాల భయం కూడా లేదు. మామగారితో కలిసి వెళ్లమంటే మీ వారు కూడా కదలొచ్చు.

రిటైర్డ్_మాస్టారు
ఇది నాకు నచ్చింది. అయినా ఒక మాట. చిన్నమ్మాయి విషయంలో మీరెవరూ బలవంతం చెయ్యకండి. 29 ఏళ్ల పిల్ల, తన శరీరం, తన పెళ్లి. తెలుసుకోవాలో వద్దో తనే చెప్పాలి. పెళ్లివారికి చెప్పాలా వద్దా అన్నది కూడా అంతే.

మౌనిక_టి
మాస్టారితో సగం ఒప్పుకుంటాను. నేను బీఆర్‌సీఏ1 క్యారియర్‌ని. మాది నెల్లూరు, ఉండేది సియాటిల్. నాకూ నాన్న వైపు నుంచే వచ్చింది. బలవంతం వద్దు, నిజమే. కానీ "నీ ఇష్టం" అని వదిలేస్తే 29 ఏళ్ల పిల్ల భయంతో పక్కకి నెట్టేస్తుంది. పక్కన కూర్చుని ఏమేం దారులున్నాయో చెప్పే మనిషి కావాలి.

నా సంగతి చెప్తాను. ఏటా ఎమ్మారై, ఏటా మమోగ్రామ్, ఆరు నెలల తేడాతో ఒకటి తర్వాత ఒకటి. ఎమ్మారై రోజున బోర్లా పడుకోబెట్టి సొరంగంలోకి పంపిస్తారు, చెవుల్లో డబడబ మోత, కదలకూడదు. బయటికి వచ్చాక రిజల్ట్ వచ్చేదాకా ఫోను మోగితే చాలు గుండె జారుతుంది. అది అలవాటు కాదు. అయినా ఏదైనా వస్తే చిన్నగా ఉండగానే దొరుకుతుందన్న ధైర్యం ఉంది. ఇద్దరు పిల్లలు పుట్టాక అండాశయాలు, ట్యూబులు తీయించుకున్నాను, ఎందుకంటే వాటికి నమ్మదగ్గ స్క్రీనింగే లేదు. బీఆర్‌సీఏ1 వాళ్లకి 35, 40 మధ్య చేయించుకోమంటారు. రొమ్ములు తీయించుకోలేదు, అది నా నిర్ణయం. మా చెల్లి తీయించుకుంది, అది తన నిర్ణయం.

పెళ్లికి ముందే మా ఆయనకి చెప్పాను. కాఫీ తాగుతూ అంతా విని "ఎమ్మారైకి తోడు రానిస్తారా" అని అడిగాడు. చెప్తే పారిపోయేవాడు ఎలాగూ మంచి సంబంధం కాదు.

కొత్తిమీర_కట్ట
మౌనికా, మీ ఆయనకి నా తరఫున ఆవకాయ జాడీ ఒకటి పార్సిల్.

బెర్లిన్_భాను
చిన్న ఆడపడుచు గురించి ఒక్క జాగ్రత్త. టర్కీలో ప్రభుత్వ కేటెమ్ కేంద్రాల్లో ఉచితంగా మమోగ్రామ్ చేస్తారు, 40 నుంచి 69 ఏళ్ల వాళ్లకి రెండేళ్లకోసారి. మామూలు వాళ్లకి మంచి ఏర్పాటు. కానీ ఈ మ్యుటేషన్ ఉన్న పిల్ల 40 దాకా ఆగితే ఆలస్యమే. 25 నుంచి ఏటా ఎమ్మారై, 30 నుంచి దానికి మమోగ్రామ్ తోడు. అది కేటెమ్ పని కాదు, యూనివర్సిటీ ఆసుపత్రి వాళ్లే చూడాలి. అక్కడ తిబ్బీ జెనెటిక్ (మెడికల్ జెనెటిక్స్) అని ప్రత్యేక విభాగమే ఉంటుంది, టర్కీలో అది వేరే స్పెషాలిటీ. అపాయింట్‌మెంట్ సంగతి నేరుగా ఆ ఆసుపత్రిలోనే అడగండి.

పెద్ద ఆడపడుచుకి: సర్జన్‌తో రెండో రొమ్ము సంగతి మాట్లాడండి. బీఆర్‌సీఏ1 ఉన్నవాళ్లకి ఒకవైపు వచ్చాక 20 ఏళ్లలో రెండోవైపు వచ్చే అవకాశం 40 శాతం దాకా ఉంది. ఓలాపరిబ్ మందు గురించి కూడా అడగండి. బీఆర్‌సీఏ మ్యుటేషన్ ఉండి, జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువున్నవాళ్లకి కీమో, ఆపరేషన్ అయ్యాక ఏడాది పాటు ఇస్తే మేలు జరుగుతోందని 2021లో పెద్ద ట్రయల్‌లో తేలింది. ఆ రిపోర్టు ఆమెకి కూడా పనికొచ్చేదే, చాలామంది ఈ సంగతి మర్చిపోతారు.

సత్తెనపల్లి_సూరి
మందు ఎంచుకోవడానికి కూడా ఈ టెస్టు పనికొస్తుందని నాకు తెలీదు. అయితే నా అభ్యంతరం ఆరోగ్యంగా ఉన్నవాళ్ల మీద పెద్ద ప్యానెళ్లు రుద్దడం మీదే, అది మాత్రం వదులుకోను.

ఓరుగల్లు_పోరడు
గా మాటల నేను సూరన్న దిక్కే.

ఇజ్మీర్_కోడలు
మామగారు ఒప్పుకున్నారు. "మా చెల్లెలికి తెలిసుంటే బతికేదేమో" అన్నారు, అంతకుమించి మాట్లాడలేదు. ఇద్దరికీ ఒకే రోజు అపాయింట్‌మెంట్ తీసుకున్నాను, మా ఆయన కూడా వస్తానన్నాడు. చిన్న ఆడపడుచు మౌనికగారు రాసింది నాతో చెప్పించుకుని రెండుసార్లు వింది, టర్కిష్‌లోకి మార్చి చెప్పాను. మౌనికగారితో ఒకసారి మాట్లాడొచ్చా అని అడుగుతోంది.

అత్తగారికి ఇంకో భయం, రిపోర్టు ఈ-నబజ్‌లో (ఇక్కడి ప్రభుత్వ ఆన్‌లైన్ ఆరోగ్య రికార్డులు) పడితే అందరూ చూస్తారని. ఇంకో ప్రశ్న: పోయిన మేనత్తగారి కొడుకులిద్దరూ కొలోన్‌లో ఉన్నారు, వాళ్లకి ఆడపిల్లలు. వాళ్లకి ఎలా చెప్పాలి?

మౌనిక_టి
తప్పకుండా. ఇంగ్లీషులో మాట్లాడుకుందాం. మీకు మెసేజ్ పెడుతున్నాను.

ల్యాబ్_లింగం
ఈ-నబజ్‌లో రికార్డులు ఎవరికి కనిపించాలో సెట్టింగ్స్‌లో మీరే పెట్టుకోవచ్చు. చుట్టాలెవరూ చూడలేరు, అత్తగారికి స్క్రీన్ చూపించి చెప్పండి.

బెర్లిన్_భాను
కొలోన్ అయితే ఇంకా సులువు. జర్మనీలో వంశపారంపర్య రొమ్ము, అండాశయ క్యాన్సర్ కోసం యూనివర్సిటీ ఆసుపత్రుల కూటమి ఉంది, కొలోన్ అందులో పెద్ద కేంద్రం. మేనత్తగారు పోయారు కాబట్టి ఆమెకి మ్యుటేషన్ ఉందని ఖాయంగా చెప్పలేం, కానీ 44కే పోయారు, కొడుకులు టెస్టుకి వెళ్లడానికి అది చాలు. మీ ఆడపడుచు అనుమతి అడిగి రిపోర్టు మొదటి పేజీ కాపీ పంపండి. అందులో పాత పేరు 5382ఇన్స్‌సితో పాటు కొత్త పేరు సి.5266డూప్‌సి కూడా ఉందో లేదో చూడండి, ఇక్కడి ల్యాబులు కొత్త పేరుతోనే వెతుకుతాయి. ఫోన్‌లో చెప్పేటప్పుడు ముందు మామగారి చేత మాట్లాడించండి, మేనమామ నోటి నుంచి వింటే కొట్టిపారెయ్యరు.

పాలకొల్లు_పాప
మధ్యలో దూరుతున్నా. మా పెద్దమ్మకి 62లో రొమ్ము క్యాన్సర్, ఇంకెవరికీ లేదు. అమ్మకి 58. టెస్టు చేయించాలా?

జన్యు_జయ
ఒక్కరే, అదీ 62లో అయితే అమ్మకి నేరుగా టెస్టు అక్కర్లేదు. పెద్దమ్మ ఉన్నారు కాబట్టి ఆవిడది ట్రిపుల్ నెగటివా, ఇంట్లో ఎవరికైనా అండాశయం, ప్రోస్టేట్, పాంక్రియాస్ జబ్బులు వచ్చాయా అని ఒకసారి కనుక్కోండి. వీటిలో ఏదైనా ఉంటే ముందు టెస్టు చేయాల్సింది పెద్దమ్మకి, అమ్మకి కాదు. అమ్మకి మమోగ్రామ్ ఎప్పుడు తీశారు?

పాలకొల్లు_పాప
ఎప్పుడూ తీయలేదు.

జన్యు_జయ
అది ఈ నెలలో తీయించండి.